అచ్చుమట్టి

గొజ్జాం కొండల్లో, మిఖాయేలు దేవాలయం పక్క బడిలో
గొర్రెతోలు కప్పుకొని పదకొండేళ్లు చదివాను.
పొద్దు వాలితే తిండికి ఊరి మీద పడేవాళ్లం
భుజాన సొరకాయ బుర్ర, చేతిలో కర్ర.
కర్ర కుక్కల కోసం.

మా గురువు యెనేటా అద్మాసుకు చూపు లేదు.
తెల్లవారని చీకట్లో కవిత్వం చెప్పేవాడు,
ఆయనకు అదీ ఒకటే, మధ్యాహ్నమూ ఒకటే.
"పద్యానికి పైన మైనం, లోపల బంగారం.
కంసాలి ముందు మైనంతో బొమ్మ చేస్తాడు,
మైనం కరిగిపోతుంది, బంగారం మిగులుతుంది.
కరిగించుకోవడం వినేవాడి పని."

నాకు తొందరగా అబ్బింది. అదే వచ్చిన చిక్కు.
పంతొమ్మిదో ఏట మూడర్థాల పద్యం కట్టాను.
ఆ రోజు నుంచి నా పాదాలు
నేలను దయతలచి తాకేవి.
పాదం తప్పిన అస్రెస్‌ను చూసి
అందరిముందూ నవ్వాను, పొట్ట పట్టుకొని.
వాడు ఆ రాత్రే మూట కట్టుకొని వెళ్లిపోయాడు.
ఖాళీ అయిన వాడి చాప మీద
నా పుస్తకాలు పెట్టుకున్నాను.

పెద్ద ఉపవాసాల నెలలో ఒక సాయంత్రం
ఎవరమూ వెళ్లని గడపకు వెళ్లాను.
కుండలు చేసేవాళ్ల ఇల్లు.
వాళ్ల చూపు తగిలితే జబ్బు చేస్తుందంటారు ఊళ్లో.
అంటూనే వాళ్ల కుండల్లో వండుకు తింటారు.

మంతెగ్బోష్ అనే ముసలామె,
మోచేతుల దాకా బురద.
చేతులు కడుక్కొని, కొంగున తుడుచుకొని
దోసెడు వేయించిన బార్లీ పోసింది.
ఆమె దగ్గర ఊరికే తీసుకోవడం నామోషీ అనిపించి
నా పద్యం చదివాను.
అది గీజు భాష, ఆమెకు రాదు.
విడమరచి చెప్పాను, మైనం సంగతీ బంగారం సంగతీ,
బిచ్చం నేనే వేస్తున్నట్టు.

ఆమె మట్టి తాళ్లు చుట్ట మీద చుట్ట పేరుస్తూ వింది.
"మా అత్త కంసాలికి అచ్చులు చేసిచ్చేది నాయనా.
మైనానికీ బంగారానికీ మధ్య మట్టి ఉంటుంది.
మైనాన్ని కడుపులో పెట్టుకునేది అదే,
మంట తినేది అదే,
బంగారం చల్లారాక సుత్తితో పగలగొట్టేదీ దాన్నే.
నీ పద్యంలో అది ఎక్కడుంది?"

ఎత్తిపొడుపు కాదు, తెలియకే అడిగింది.
నాకు మూడు భాషలు వచ్చు.
నోట్లో బార్లీ గింజలు తప్ప ఏమీ లేవు.

గురువుకు చెప్పాను, సగం నవ్వుతూ.
ఆయన నవ్వలేదు. "ఆ ఇంటికి దారెటు?" అన్నాడు.
మర్నాడు నా భుజం పట్టుకొని నడిచాడు.
దారిలో ఆడవాళ్లు నీళ్ల కుండలతో ఆగి చూశారు.
దొరలు పల్లకీ పంపినా కదలని మనిషి
ఆమె వాకిట్లో, ఆమె పీట కన్న కిందుగా
బురదలోనే కూర్చుని
"మళ్లీ చెప్పమ్మా" అన్నాడు.

ఆమె సిగ్గుపడింది. తడబడుతూ చెప్పింది.
పగిలిన అచ్చు పెంకు ఒకటి వెతికి తెచ్చి చేతిలో పెట్టింది.
ఆయన వేళ్లు చాలాసేపు లోపలి గుంటను తడిమాయి.
"ప్రభువు గురించి నలభై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను.
పరలోకంలో ఆయన్ని చెప్పాను, మహిమలో ఆయన్ని చెప్పాను.
ఈ మధ్యలో పగిలిన ఒంటి సంగతి
ఇంత దగ్గరగా ఇవాళే తగిలింది."

తిరిగి వస్తుంటే నన్నేమీ అనలేదు.
వాగు దాటాక మాత్రం అడిగాడు:
"అస్రెస్ వాళ్ల ఊరు ఎన్ని రోజుల నడక?"

నాలుగు రోజులు.
క్షమాపణ కూడా పద్యంలోనే కట్టుకుంటూ వెళ్లాను,
ఏం చేయను, అలవాటు.
వాడు కళ్లంలో జొన్న తూర్పారబడుతున్నాడు.
కుక్క అరుస్తూ మీదికొచ్చింది.
ఎందుకో తెలియదు, కర్ర కింద పడేశాను.
కట్టిన పద్యమూ ఎక్కడో పడిపోయింది.
"నవ్వాను రా" అన్నాను. అంతే వచ్చింది.

వాడు బడికి తిరిగి రాలేదు. నన్ను కౌగిలించుకోనూ లేదు.
కుక్కను అదిలించి, చేట పక్కన పెట్టి
"తిన్నావా" అన్నాడు.